ఊళ్ళో చావు అని నాలుగు రోజులు పనికి రాలేదు, ఫిజీ సైట్లో ఏం చేయాలో చెప్పండి

నాంది_సైట్
ఫిజీలో నాంది దగ్గర ఒక హోటల్ విస్తరణ పనిలో సైట్ ఇంజినీర్‌ని. సొంతూరు తణుకు. షట్టరింగ్ వాళ్ళు, రాడ్ బెండింగ్ వాళ్ళు దాదాపు అందరూ ఇక్కడి మూలవాసులు, ఈతౌకేలు. పనితనంలో ఒక్క వంక పెట్టడానికి లేదు, లెవెల్ తప్పితే మనం చెప్పకముందే విప్పి మళ్ళీ కడతారు. సమస్య ఏంటంటే పోయిన వారం రేపు స్లాబ్ అనగా షట్టరింగ్ ముఠాలో సగం మంది రాలేదు. ఫోన్ చేస్తే ఊళ్ళో పెద్దాయన పోయాడన్నారు. తండ్రా అంటే కాదు, బాబాయా అంటే కాదు, తల్లి వైపు వంశంలో పెద్ద అంట. నాలుగు రాత్రులు గడిచాక వచ్చారు. మా మేనేజర్ జీతం కోసేశాడు, అది సరే అనుకుందాం, కానీ అందరి ముందు నిలబెట్టి "మీ జాతికే బద్ధకం" అన్నాడు. వాళ్ళు ఒక్క మాట ఎదురు చెప్పలేదు, టూల్ బెల్ట్ కట్టుకుని పైకెక్కేశారు. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు. అలాగని స్లాబ్ ఆగి రెడీమిక్స్ కాంక్రీటు రద్దు చేసుకున్నందుకు పడ్డ నష్టమూ నిజమే, దానికి సమాధానం చెప్పుకోవాల్సింది నేనే. పసిఫిక్ దీవుల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, దీన్ని ఎలా సర్దాలి?

కోనసీమ_కుర్రోడు
నాలుగు రోజులేనా అన్నా. మా తాత పోతే దుబాయ్ మావయ్య వచ్చి పెద్దకర్మ అయ్యాక కూడా కదల్లేదు, మామిడిపళ్ళ సీజన్ అయిపోయాకే ఫ్లైట్ ఎక్కాడు.

హెచ్ఆర్_పద్మ
జాతి పేరు పెట్టి తిట్టడం తప్పు, అందులో రెండో మాట లేదు, మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. జీతం సంగతి వేరు. ఫిజీ ఉపాధి చట్టం 2007లో వచ్చింది, అందులో దగ్గరివాళ్ళు పోతే ఏడాదికి మూడు రోజులు జీతంతో సెలవు ఉంది. తల్లి వైపు వంశ పెద్ద అంటే ఆ సెలవు వర్తించకపోవచ్చు. అప్పుడు జీతం లేని సెలవు. రూల్ అందరికీ ఒకటే ఉండాలి కదా, లేకపోతే సెలవు అడగని పనివాడికి అన్యాయం.

లత_సువా
సైట్ అన్నా, ఆ నాలుగు రోజులు వాళ్ళు ఏం చేశారో అడిగారా? నేను సువాలో టీచర్‌ని, చాలా ఏళ్ళుగా ఇక్కడే. మా పక్కింటావిడ తండ్రి పోతే ఆమెతోపాటు తైలెవు వైపు వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంటి ముందు రేకుల షెడ్డు, కింద చాపలు. ఒక్కో వంశం గుంపుగా వస్తుంది. ముందు ఒక పెద్దమనిషి తంబువాని (తిమింగలం పన్ను, తాడు కట్టి ఉంటుంది) రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చుని మాట్లాడతాడు. ఇటువైపు నుంచి ఒకాయన దాన్ని అందుకుని బదులు చెబుతాడు. వెనకాల ఆడవాళ్ళు రంగుల ఉన్ని అంచు కట్టిన చాపలు మోసుకొస్తారు, యంగోనా వేళ్ళ కట్టలు (దంచి నీళ్ళలో కలిపి తాగుతారు, కవా అని కూడా అంటారు), బియ్యం బస్తాలు, కిరోసిన్ కూడా తెస్తారు. పెరట్లో మగవాళ్ళు గొయ్యి తవ్వి రాళ్ళు కాల్చి దుంపలు, మాంసం ఆకుల్లో చుట్టి కప్పెడతారు, అదే లోవో. వచ్చిన వందల మందికి అన్నం అక్కడే. నాలుగో రాత్రికి ఒక భోజనం, నూరో రాత్రికి ఇంకోటి, ఏడాదికి మైల విడవడం. మనకు దినం, నెల మాసికం, సంవత్సరీకం ఉన్నట్టే.

ఇంకో విషయం. అక్కడ ఎవరు ఏ పని చేయాలో వంశాన్ని బట్టి ఉంటుంది. చేపలు తెచ్చేవాళ్ళు వేరు, సభలో మాట్లాడేవాళ్ళు వేరు, వడ్రంగం చేసే మతైసౌలు వేరు. మీ షట్టరింగ్ వాళ్ళలో మతైసౌలు ఉంటే ఆ షెడ్డు వేసింది వాళ్ళే అయి ఉంటుంది. వాళ్ళు పని ఎగ్గొట్టి ఇంట్లో పడుకోలేదు, ఇంకో పనికి వెళ్ళారు, ఆ పనికి రాకపోతే ఊళ్ళో వాళ్ళకు ముఖం ఉండదు.

నాంది_సైట్
@లత_సువా అడగలేదండి. తిరిగొచ్చాక ఒకతని అరచేతులకు బొబ్బలు చూశాను. ఆ గొయ్యి తవ్వడం వల్లేనేమో.

హెచ్ఆర్_పద్మ
లత గారు చెప్పింది చదివితే గౌరవం పెరిగింది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఊరి పని ఊరిది, దానికి ఊరు తిండి పెడుతుంది, పేరు ఇస్తుంది. కంపెనీ ఎందుకు భరించాలి?

పాతకాగితాలు
పద్మ గారూ, ఆ ప్రశ్నకు నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. 1874 అక్టోబర్ 10న ఫిజీ బ్రిటిష్ వాళ్ళ చేతికి పోయింది. మరుసటి ఏడాదే తట్టు సోకి సుమారు 40 వేల మంది ఈతౌకేలు చనిపోయారు, అంటే జనాభాలో నాలుగోవంతుకు తక్కువ కాదు. అప్పుడు గవర్నర్‌గా ఆర్థర్ గోర్డన్ వచ్చాడు. ఊళ్ళను కదిపితే ఈ జాతి అంతరించిపోతుందని భావించి, తోటల్లో కూలికి ఊరివాళ్ళను తీసుకుపోకుండా కట్టడి చేశాడు. పన్ను కూడా డబ్బుగా కాకుండా పంటగా, ఊరంతా కలిసి పండించి కట్టే పద్ధతి పెట్టాడు. భూమి అమ్మకాలు ఆపాడు.

తెల్ల తోటల యజమానులకు ఒళ్ళు మండింది. సొంత చేను, సముద్రంలో చేప ఉన్నవాడు రోజు కూలికి ఎందుకు వస్తాడు? రాకపోతే వాడికి పెట్టిన పేరే "బద్ధకస్థుడు". మీ మేనేజర్ నోట్లో వచ్చింది ఆ పాత తిట్టే. వాళ్ళ బదులు తోటల్లోకి ముందు సాలమన్ దీవులు, ఇప్పటి వనువాతు నుంచి మనుషుల్ని తెచ్చారు, చాలామందిని మోసం చేసో బలవంతంగానో. తర్వాత గోర్డన్‌కి మారిషస్, ట్రినిడాడ్‌లో అలవాటైన దారి ఉంది కదా, భారతదేశం. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ మొదటి గుంపుతో వచ్చింది. 1916లో రవాణా ఆగేసరికి 60 వేలు దాటారు.

ఇక మన సంగతి. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా దక్షిణాది వాళ్ళను ఎక్కించారు, మొత్తం సుమారు 15 వేలు. ఉత్తరార్కాటు, నెల్లూరు, కృష్ణా, గోదావరి, విశాఖ జిల్లాల తెలుగువాళ్ళు అందులోనే ఉన్నారు. ఈతౌకేల ఊళ్ళు చెదరకూడదని ఒక పక్క చట్టం రాస్తూనే ఇంకో పక్క మన ఊళ్ళ నుంచి మనుషుల్ని ఏరుకుపోయారు. లత గారు వర్ణించిన ఆ చావు మర్యాద ఇంత నిండుగా ఈ రోజుకీ నిలబడి ఉందంటే అందులో మన వాళ్ళ ఒళ్ళు అరిగిన కూలి కూడా ఉంది.

గోదారి_గట్టు
బాగా చెప్పారు గానీ గోర్డన్‌ని మరీ దేవుణ్ణి చేయకండి. ఆ పంట పన్ను ఊరివాళ్ళకేమీ తేలిక కాలేదు, పెద్దల పెత్తనం పెరిగింది, ఊరు విడిచి వెళ్ళాలంటే అనుమతి కావాలి. కాపాడటం పేరుతో కట్టేయడం కూడా జరిగింది.

పాతకాగితాలు
@గోదారి_గట్టు ఒప్పుకుంటాను బాబాయ్. ఆయన మంచివాడో కాదో తేల్చడం నా ఉద్దేశం కాదు, లెక్క ఎవరి దగ్గర వసూలయ్యిందో చెప్పాను.

కోనసీమ_కుర్రోడు
అంటే వాళ్ళ సంస్కృతి మిగిలింది, మన వాళ్ళది పోయింది. ఇప్పుడు మళ్ళీ మనమే వాళ్ళ సెలవు గురించి కొట్టుకుంటున్నాం. న్యాయమేనా ఇది?

సరోజ_లాటోకా
తమ్ముడూ, పోయిందని అంత తేలిగ్గా అనకు. నాది గుడివాడ, పెళ్ళై లాటోకా వచ్చాను. మా ఆయన వాళ్ళది గిర్మిట్ మీద వచ్చిన తెలుగు కుటుంబం, ముత్తాత విశాఖ జిల్లా నుంచి. గిర్మిట్ అంటే అయిదేళ్ళ ఒప్పందం. రోజుకు తొమ్మిది గంటలు, శనివారం అయిదు, మగవాళ్ళకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్ళకు తొమ్మిది పెన్నీలు, అది కూడా అప్పజెప్పిన పని పూర్తయితేనే. ఉండటానికి "లైన్లు", పది అడుగులు బై ఏడు అడుగుల గది, అందులో ముగ్గురు మగవాళ్ళు లేదా ఒక కాపురం. గోడలు పైకప్పు దాకా ఉండవు, పక్క గది మాట ఇటు వినిపించేది. ఉత్తరాది వాళ్ళు ఎక్కువ, సర్దార్లు, అంటే పని చేయించే మేస్త్రీలు, మాట్లాడేది హిందీ, మన వాళ్ళను "మద్రాజీ" అని ఎగతాళి చేసేవాళ్ళు. అలాంటి చోట తెలుగు ఎన్ని తరాలు నిలుస్తుంది? మా మావగారు మాట్లాడేది ఫిజీ హిందీ. కానీ మా అత్తగారి దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. మారియమ్మ పాటలు, పెళ్ళి పాటలు, తెలుగు మాటలే కానీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. అర్థం సగం తెలియదు, రాగం మాత్రం తప్పేది కాదు. ఆవిడ పాడుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చి నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

సంఘాలు కూడా ఊరికే కూర్చోలేదు. 1926లో నాందిలో సాధు కుప్పుస్వామి మొదలుపెట్టిన దక్షిణాది సంగం బడులు కట్టింది. 1941లో తెలుగువాళ్ళు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు, వాళ్ళకీ బడులున్నాయి. చెరకు కొట్టి సంపాదించిన డబ్బుతో కట్టినవి అవి. వాటిలో ఇప్పుడు ఈతౌకే పిల్లలు కూడా చదువుతారు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. అత్తగారు పోయినప్పుడు పక్క ఊరి ఈతౌకేలు, మా పొలం ఎవరి భూమో ఆ వంశంవాళ్ళు, మేము కబురు పెట్టకముందే వచ్చారు. చాపలు తెచ్చారు, యంగోనా తెచ్చారు. చితికి కట్టెలు కొట్టింది వాళ్ళే. మూడు రోజులు మా వాకిట్లోనే పడుకున్నారు. వాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట పనికి సెలవు పెట్టే వచ్చి ఉంటారు కదా. ఆ రోజు వాళ్ళు రాకపోతే మేం నలుగురం ఏం చేసేవాళ్ళమో నాకు తెలియదు.

హెచ్ఆర్_పద్మ
సరోజ గారూ, మీ చివరి పేరా రెండుసార్లు చదివాను.

అనకాపల్లి_బెల్లం
సరోజమ్మా, మాది చెరకు ఊరు, అందుకే అడుగుతున్నా. పొలం మీది కాదా? భూమి వాళ్ళదేనా? అక్కడ మొక్క తోట (కొత్తగా నాటిన చెరకు) ఎకరాకు ఎంత దిగుతుంది, కొట్టుడు ముఠాలు దొరుకుతున్నాయా? ఇక్కడైతే మనుషులు దొరక్క చాలామంది సరుగుడు వేసేశారు.

సరోజ_లాటోకా
బాబాయ్ గారూ, ఫిజీలో ఎనభై శాతం పైగా భూమి ఈతౌకే వంశాలది, మతంగలి అంటారు. అమ్మకానికి లేదు, ఎవరికీ. 1940లో పెట్టిన ట్రస్టు బోర్డు దాన్ని లీజుకు ఇస్తుంది. 1976 చట్టం ప్రకారం ముప్పై ఏళ్ళ లీజు, 1997 నుంచి అవి తీరిపోవడం మొదలైంది. కొందరికి మళ్ళీ ఇచ్చారు, చాలామందికి ఇవ్వలేదు. మా మావగారి తమ్ముడికి ఇవ్వలేదు. తాత నాటిన మామిడి చెట్లతో సహా వదిలి సువా, నౌసోరి మధ్య రేకుల ఇంట్లోకి మారారు. ఆయన ఆ తర్వాత పొలం వైపు చూడనేలేదు. అందుకే నాకు ఈతౌకేల మీద ప్రేమ ఉన్నా ఆ బాధ కూడా ఉంది, రెండూ నిజమే. 1987, 2000లో ప్రభుత్వాన్ని కూలదోసిన కుట్రల తర్వాత లక్షకు పైగా మనవాళ్ళు దేశం వదిలారు. ఒకప్పుడు జనాభాలో సగం, ఇప్పుడు మూడోవంతు.

దిగుబడి మావగారిని అడిగి రాస్తాను. ముఠాలు మాత్రం మీలాగే కష్టం. ముఠాకు ఒక సర్దార్ ఉంటాడు, రైతులు ఎన్నుకుంటారు, ఎవరి తోట ఎప్పుడు కొట్టాలో వరస కడతాడు. జూన్‌లో మిల్లు మొదలైతే నవంబర్, డిసెంబర్ దాకా. ఇప్పుడు కొట్టేవాళ్ళలో చాలామంది ఈతౌకే కుర్రాళ్ళే. చర్చి కట్టాలన్నా, బడికి డబ్బు కావాలన్నా ఊరు ఊరంతా ఒక ముఠాగా దిగుతుంది.

పాతకాగితాలు
ఒకప్పుడు తోటలోకి రాకుండా కట్టడి చేసిన ఊళ్ళే ఇప్పుడు వాళ్ళ లెక్కన వాళ్ళు ముఠాగా వస్తున్నాయి. సైట్ గారూ, మీ జవాబు ఇక్కడ ఉందేమో చూడండి. మనిషిని విడిగా కాకుండా ముఠాను లెక్కలోకి తీసుకుంటే?

అనకాపల్లి_బెల్లం
మిల్లుల పరిస్థితి ఏంటి? ఇక్కడ సహకార ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ మూతపడుతుంటే గుండె చెరువవుతోంది.

సరోజ_లాటోకా
నాలుగు ఉండేవి. మిగిలినవి లాటోకా, బా, లంబాసా. రాకిరాకి దగ్గర పెనాంగ్ మిల్లు 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను కొట్టాక మళ్ళీ తెరవలేదు. ఐరోపా వాళ్ళు ఎక్కువ ధరకు కొనే ఒప్పందం 2009లో పోయింది. 1990ల్లో ఏడాదికి 40 లక్షల టన్నుల చెరకు ఆడిన దేశం ఇప్పుడు 20 లక్షలు కూడా చూడటం లేదు.

ఆక్లాండ్_రమేష్
సగం నుంచి చదువుతున్నా, నాదొక కోణం. నేను న్యూజిలాండ్‌లో కివీ పళ్ళ ప్యాక్‌హౌస్‌లో సూపర్‌వైజర్‌ని. 2007 నుంచి ఇక్కడ ఒక స్కీమ్ ఉంది, దీవుల నుంచి సీజన్ కూలీలను తెస్తారు, పదకొండు నెలల్లో ఏడు నెలల దాకా ఉండొచ్చు. ఏడాదికి 5 వేల మంది పరిమితితో మొదలై ఇప్పుడు 20 వేలు దాటింది. వనువాతు, సమోవా, టోంగా వాళ్ళే ఎక్కువ, ఫిజీ తర్వాత చేరింది. ఇక్కడ ఒక్క రోజు సెలవు పెట్టరు. పని ఆపమన్నా ఆపరు. అదే మనిషి, అదే జాతి. కాబట్టి బద్ధకం మాట పచ్చి అబద్ధం అని మీ మేనేజర్‌కి నా పేరు చెప్పి చెప్పండి.

కానీ దాని ఖరీదు ఎవరు కడుతున్నారో నేను చూశాను. మా షిఫ్ట్‌లో వనువాతు కుర్రాడికి తల్లి పోయింది. టికెట్ డబ్బు అడ్వాన్స్‌లోనే ఇరుక్కుంది, వెళ్తే సీజన్ పోతుంది. వెళ్ళలేదు. రాత్రి హాస్టల్ వంటగదిలో ఊరివాళ్ళంతా చేరి ఫోన్ స్పీకర్ పెట్టి అటువైపు ఏడుస్తుంటే ఇటు పాట పాడారు. పొద్దున అయిదున్నరకు అందరూ వ్యాన్ ఎక్కారు. ఇంటికి పంపిన డబ్బుతో రేకుల కప్పు పడింది, చెల్లెళ్ళకు ఫీజు కట్టారు, కాదనను. కానీ ఊళ్ళో యామ్ దుంపలు నాటే వేళకు మగవాళ్ళు లేరని వాళ్ళే చెబుతారు.

లత_సువా
@ఆక్లాండ్_రమేష్ అదే ఇక్కడా. మా స్కూల్లో పిల్లలకు తండ్రి అంటే వీడియో కాల్. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్ళే ఎక్కువ. ఇక్కడ కనీస కూలి 2025 ఏప్రిల్ నుంచి గంటకు 5 ఫిజీ డాలర్లు అయ్యింది, అయినా అక్కడి దానికి పొంతన లేదు.

గోదారి_గట్టు
నాకు ఇంకో అనుమానం. హోటళ్ళలో టూరిస్టుల కోసం నిప్పుల మీద నడుస్తారట కదా, వీడియో చూశాను. ఊరి ఆచారాన్ని డాలర్లకు ఆడిస్తూ చావు సెలవు దగ్గర మాత్రం ఆచారం అంటే ఎలా?

లత_సువా
బాబాయ్, ఆ మాట మాత్రం ఒప్పుకోను. మీరు చూసింది బెంగా దీవి సవావు వాళ్ళది, కాల్చిన రాళ్ళ మీద నడుస్తారు. ఆ హక్కు వాళ్ళ వంశానిదే, ఇంకెవరూ చేయకూడదు, వేరేవాళ్ళు హోటళ్ళలో చేస్తున్నారని వాళ్ళే బాధపడుతున్నారు. ముందు నియమాలు ఉంటాయి, కొన్నాళ్ళు భార్యకు దూరంగా ఉండాలి, కొబ్బరి తినకూడదు. హోటల్‌లో చేసినా ఆ నియమాలు పాటించే చేస్తారు. ఆచారం వాళ్ళది, ఎక్కడ చూపించాలో ఎంత తీసుకోవాలో వాళ్ళు నిర్ణయించుకుంటే తప్పేముంది? చావు సెలవు విషయంలో నిర్ణయం మేనేజర్ చేతిలో ఉంది, అదీ తేడా.

సరోజ_లాటోకా
నిప్పుల మీద నడక మనదీ ఉంది బాబాయ్ గారూ. మారియమ్మ గుళ్ళలో పసుపు బట్టలు కట్టి పది రోజులు దీక్ష, ఒంటిపూట భోజనం, చివరి రోజు గుండం. మా మరిది ఆక్లాండ్ వెళ్ళిపోయాడు, ప్యాకింగ్ కంపెనీలో ఉద్యోగం. ఏడాది సెలవంతా దాచుకుని ఆ పది రోజులకు వస్తాడు. వచ్చేటప్పుడు కూతుర్ని తెస్తాడు, నోటుబుక్కు దానికే ఇచ్చాం.

కోనసీమ_కుర్రోడు
అక్కా ఆ నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి పెట్టండి, తెలుగు లిపిలో టైప్ చేసే బాధ్యత నాది. సీరియస్‌గానే అంటున్నా.

సరోజ_లాటోకా
పెడతాను తమ్ముడూ. కొన్ని మాటలు ఏమిటో మాకే తెలియదు, ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళను అడగాలి.

అనకాపల్లి_బెల్లం
పాట పంపమ్మా, మా ఊళ్ళో నేర్పేవాళ్ళు, పాడేవాళ్ళు ఇద్దరూ ఉన్నారు.

హెచ్ఆర్_పద్మ
మళ్ళీ అసలు విషయం. నేను ఇంకా రూల్ ఉండాలనే అంటాను, కానీ రూల్ రాసేటప్పుడు ఆ ఊరు కూడా కనబడాలి. సైట్ గారూ, ఇలా చేసి చూడండి. ఒకటి, కుటుంబం అంటే ఎవరో కంపెనీ రూల్లో విస్తరించి రాయించండి, మతంగలి పెద్దతో సహా. మూడు రోజులు జీతంతో, ఆ పైన జీతం లేకుండా, కానీ తిట్టు లేకుండా, ఉద్యోగానికి ఢోకా లేకుండా. రెండు, పాతకాగితాలు గారు అన్నట్టు పనిని ముఠాకు అప్పగించండి, ఇంతమంది రోజూ ఉండాలి అని, ఎవరనేది వాళ్ళే చూసుకుంటారు. వేరే ఊళ్ళ వాళ్ళు కలిసి ఉన్న ముఠా అయితే ఒక ఊళ్ళో చావుకు అందరూ పోరు. మేనేజర్‌కి నీతి చెప్పకండి, రెడీమిక్స్ రద్దు ఖర్చు ఎంతయిందో, ఆ మూడు రోజుల జీతం ఇస్తే ఎంతవుతుందో పక్కపక్కన రాసి పెట్టండి.

నాంది_సైట్
అందరికీ చాలా థ్యాంక్స్. పద్మ గారు చెప్పినట్టే కాగితం తయారు చేశాను. రద్దు ఖర్చే ఎక్కువ తేలింది. మేనేజర్ చదివి "ముఠా పద్ధతి రెండు నెలలు చూద్దాం" అన్నాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. దాని మీద రాతపూర్వకంగా పెట్టాను, ఏమవుతుందో చూడాలి, ఊరుకునేది లేదు. ఫోర్‌మన్‌తో కూర్చుని మాట్లాడితే ముఠాలో మూడు వేర్వేరు ఊళ్ళ వాళ్ళు ఉంటే చాలు, మిగతాది తాను చూసుకుంటానన్నాడు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదంట.

ఇంకో సంగతి, ఈ శనివారం వాళ్ళ ఊరు వెళ్దామనుకుంటున్నా. ఆలస్యమైనా పరామర్శకు వెళ్ళొచ్చా? ఏం పట్టుకెళ్ళాలి?

లత_సువా
తప్పకుండా వెళ్ళండి, ఆలస్యం ఏమీ కాదు. ముందు మీ ఫోర్‌మన్‌తో ఊరి పెద్దకు, తురంగా ని కోరో అంటారు, కబురు పెట్టించండి. నాంది మార్కెట్‌లో యంగోనా కట్ట కొనండి, వాకా అని అడగండి, అంటే సన్న వేళ్ళు, మంచివి. పొడి ప్యాకెట్ వద్దు. విన్‌స్టన్ తర్వాత ధర బాగా పెరిగింది, నాటిన మొక్క చేతికి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది కదా, అందుకని ఖరీదు చూసి వెనకాడకండి. ఊళ్ళోకి వెళ్ళగానే టోపీ, కళ్ళజోడు తీసేయండి, బ్యాగు భుజానికి కాకుండా చేత్తో పట్టుకోండి. సులు కట్టుకుంటే మంచిది, లుంగీ కట్టడం వచ్చు కదా, అలాగే. ఫోర్‌మన్ మీ తరఫున మాట్లాడతాడు. మీరు కింద కూర్చోండి, ఎవరి తల మీదుగా చెయ్యి చాపకండి. కొబ్బరి చిప్పలో యంగోనా ఇస్తే ఒకసారి చప్పట్లు కొట్టి ఒకే గుక్కలో తాగేయండి.

గోదారి_గట్టు
నాలుక మొద్దుబారుతుందట, మాట తడబడితే తాగొచ్చావనుకుంటారు, రాత్రి ఇంటికి ఫోన్ చెయ్యకు నాయనా.

ఆక్లాండ్_రమేష్
తిమింగలం పన్ను కోసం ప్రయత్నించొద్దు, అది మీ స్థాయిలో అడగరు, పైగా దేశం దాటించడానికి అనుమతి కావాలి. యంగోనా చాలు.

నాంది_సైట్
సరే అన్నా. ఫోర్‌మన్ చెప్పాడు, శనివారం మధ్యాహ్నం రమ్మన్నారు.

సరోజ_లాటోకా
@అనకాపల్లి_బెల్లం మావగారిని అడిగాను బాబాయ్ గారూ. మానా అనే రకం వేస్తారు ఇక్కడ, ఎక్కువ పొలాల్లో అదే. మొక్క తోట ఒకసారి వేస్తే కార్శి (కొట్టాక మోడు నుంచి మళ్ళీ లేచే పంట) మీద కార్శి ఉంచేస్తారంట, కొన్ని పొలాల్లో పదేళ్ళు దాటినవి ఉన్నాయి, అందుకే దిగుబడి పడిపోయింది అంటున్నారు. లీజు ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు కొత్తగా దున్ని చెరకు ముచ్చెలు నాటే ధైర్యం ఎవరికి వస్తుంది అని కూడా అన్నారు. మీ దగ్గర కార్శి ఎన్నేళ్ళు ఉంచుతారో కనుక్కోమన్నారు.

అనకాపల్లి_బెల్లం
రెండు, మహా అయితే మూడమ్మా. ఆ పైన దుబ్బు పలచబడిపోతుంది. మీ మావగారికి చెప్పు, కొట్టేటప్పుడు నేలకు ఆనించి కొట్టించమని, మోడు పైన వదిలితే కార్శి పైనుంచే లేస్తుంది, గాలికి పడిపోతుంది. ఖాళీలున్న చోట పక్క దుబ్బు పిలకలు తీసి నాటించమను. ఆయన ఫోన్లో మాట్లాడతానంటే నాకు హిందీ కొంచెం వచ్చు.